పీట మీది పటం

ఖతార్‌లో నా చిత్రకళ అంతా పసుపు, నలుపు రంగుల్లోనే నడిచింది. అల్ వక్రా స్టేడియం చుట్టుపక్కల రోడ్ల అంచురాళ్ళకు ఒకటి విడిచి ఒకటి ఆ రెండు రంగులూ వేసుకుంటూ పోవడం నా డ్యూటీ. ఒక చివరికి చేరేసరికి మొదటి చివర ఎండకూ ఇసుకకూ వెలిసిపోయేది. ప్రపంచకప్పు దగ్గర పడుతోంది కాబట్టి మళ్ళీ మొదటికి వచ్చేవాడిని. కొత్తగా చేరినవాళ్ళు నన్ను చూసి జాలిపడేవారు. నాకు మాత్రం ఆ పని నచ్చేది. అంచురాయి మన వైపు తిరిగి చూడదు.

నేను మనుషుల కళ్ళలోకి చూడలేను. చూస్తే వాళ్ళు ఏమనుకుంటున్నారో ఊహించడం మొదలుపెడతాను. ఆ ఊహల్లో వాళ్ళు ఎప్పుడూ నా గురించే అనుకుంటూ ఉంటారు. ఇది భయమా, అహంకారమా అని చాలాకాలం ఆలోచించాను. రెండూ మా క్యాంప్‌లో మంచాల్లాగా ఒకదాని మీద ఒకటి ఉంటాయనీ, కిందిది కదిలితే పైది ఊగుతుందనీ ఇప్పటి నా అభిప్రాయం.

మా నాయన నిర్మల్‌లో నకాషీ పని చేసేవాడు. చెక్క మీద నల్లరంగు పూసి, ఆ నలుపులోంచి పూలనూ నెమళ్ళనూ దేవుళ్ళనూ పైకి తేల్చేవాడు. బొమ్మ అంతా అయ్యాక చివర్న కళ్ళు పెట్టేవాడు. పెట్టేటప్పుడు ఎదురుగా ఎవర్నీ నిలబడనిచ్చేవాడు కాదు. "మొదటి చూపు ఎవ్వని మీద పడితే వాన్ని ఇడ్వదురా తిరుమల్," అనేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాటిలో నాకు పూర్తిగా పట్టుబడింది ఇదొక్కటే: కళ్ళను వాయిదా వేయడం.

ఇలాంటి నన్ను మనిషి ముఖం వేసే పనిలోకి దింపింది ఒక క్యాలెండర్. రంగుల డబ్బాలతో పాటు మా స్టోర్‌కి వచ్చింది. నెలకొక పాత ఇటలీ పటం, దాని కింద ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు. స్టోర్‌కీపర్ ఖయ్యూమ్ కోరుట్లవాడు, మా రూమ్‌లోనే ఉంటాడు. గడిచిన నెలల కాగితాలు చించి రొట్టెల కింద పరిచేవాడు. ఒక శుక్రవారం అలా పరిచిన కాగితం మీద ఒక దర్జీ కనిపించాడు.

ఆయన బల్ల వెనక నిలబడి ఉన్నాడు. చేతిలో కత్తెర. బల్ల మీద సుద్దతో గీతలు గీసిన నల్లబట్ట. ఎవరో ఇప్పుడే కొట్లోకి వచ్చినట్టు, పనిలోంచి తల ఎత్తి చూస్తున్నాడు. రొట్టె పక్కకు జరిపాను. ఆయన నన్ను చూస్తున్నాడు, కానీ నా గురించి ఏమీ అనుకోవడం లేదు. నా కొలత ఎంతో మాత్రమే ఆలోచిస్తున్నాడు. ఒక మనిషి చూపు అంత హాయిగా ఉండటం నాకు అదే మొదటిసారి.

"ఎవరేశిండ్రు ఇది?" అన్నాను.

ఖయ్యూమ్ కాగితం ఎత్తి, కూర మరక తుడిచి చదివాడు. "మొరోనీ అంట. దగ్గర దగ్గర ఐదు వందల ఏండ్ల కిందటోడు. పుట్టింది చిన్న ఊరు. పట్నం పోయి ఉస్తాద్ తాన పని నేర్సుకున్నడు. మల్ల ఊరికే ఒచ్చిండు."

"ఫెయిలయ్యిండా?" అన్నాడు పై మంచం మీంచి రాజేశం. ఊరికి తిరిగి వచ్చినవాళ్ళ గురించి మా క్యాంప్‌లో మొదట అడిగే ప్రశ్న అదే.

"అరె లేదు భాయ్. ఊర్లె ఉన్నోళ్ళందరి మొఖాలు ఏశిండు. దొరలు, పాదర్లు, ముసలవ్వలు, ఈ దర్జీ. ఊర్లను ఏలే పెద్ద పెద్ద హాకీములు వెనిస్‌ల ఉన్న గొప్ప పేంటర్ కాడికి పోతె, ఆయన అన్నడంట: మీ దిక్కు మొరోనీ ఉన్నడు గద, పొండ్రి, ఉన్నది ఉన్నట్టు ఏస్తడు అని."

"అది మెచ్చుకున్నట్టా, తిట్టినట్టా?"

"గది రాయలే." ఖయ్యూమ్ కిందికి చదివాడు. "సచ్చిపోయెటప్పటికి పెద్ద బొమ్మ ఒకటి సగంల ఉండె. దేవుడు అందరికి తీర్పు చెప్పే రోజు."

"సగంలనే పోయిండా? మరి తీర్పు?"

"పెండింగ్."

రాజేశం మంచం దిగి వచ్చి దర్జీని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను రొట్టెను చూశాను.

"తిరుమలన్నా, నాది గిట్ల ఏస్తవా?"

రాజేశం మెట్‌పల్లి దగ్గరి ఊరివాడు. పరంజా కట్టే పని. ఊళ్ళో ఇల్లు కట్టించాడు, గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించాడు, ఆ తర్వాత కంపెనీ ప్రపంచకప్పు అయ్యేదాకా సెలవులు ఆపేసింది. ఆపకముందు టికెట్ తీసుకున్న ఖయ్యూమ్ ఒక్కడే మా రూమ్‌లోంచి పోగలిగేవాడు. ముహూర్తం మారిస్తే మళ్ళీ మంచిరోజులు లేవు. అసలు భయం అది కూడా కాదు. రాజేశం లేకపోతే పీటల మీద అతని అన్న సురేందర్, వదినా కూర్చుంటారు. ఇల్లు దగ్గరుండి కట్టించింది సురేందరే.

"మా అన్న మంచోడే," అన్నాడు రాజేశం. "గని కూసున్న కాడికెల్లి లేవడు. నా పెండ్లిల నా కుర్సీల కూసున్నడు, ఫోటోలల్ల సూస్తె పెండ్లి ఆయనదే అనుకుంటరు. నా బండి మీద కూసున్నడు, ఇప్పుడది ఆయన బండి. ఇంటికి గులాబి రంగు ఏపిచ్చిండు. నేనడిగిన్నా గులాబి? గిప్పుడు పీట మీద కూసున్నడనుకో, ఇగ ఆ ఇంట్ల నేనే సుట్టాన్ని."

పంతులుకు ఫోన్ చేసి ఉపాయం అడిగాడట. శ్రీరాముడు యాగానికి బంగారు సీతమ్మను పక్కన పెట్టుకోలేదా, నువ్వూ నీ పటం పంపు, మీ ఆవిడ పక్కన పీట మీద పెడతాం అన్నాడట పంతులు. పోలిక మాత్రం ఉండాలన్నాడు.

"ఫోటో పెద్దగ చేపిచ్చుకోరాదు?" అన్నాడు ఖయ్యూమ్.

"మా దిక్కు ఫోటో పెద్దగ చేపిస్తె కింద తారీఖు రాపిస్తరు. మా అవ్వ దండ కోసం లేస్తది. చేతితోని ఏశింది అయితె బతికున్నట్టు ఉంటది."

నేను సరే అనకుండానే పని మొదలైంది. సెంట్రింగ్ కొట్టగా మిగిలిన ప్లైవుడ్ ముక్కను అరగదీసి నల్లరంగు పూశాను. స్టోర్‌లో డబ్బాల అడుగున మిగిలిన తెలుపూ, ఇనుముకు పూసే ఎర్ర ప్రైమరూ, నా అంచురాళ్ళ పసుపూ కలిపితే రాజేశం చర్మం రంగు అచ్చంగా వచ్చింది. దీన్ని అతనికి చెప్పలేదు.

మొదటి శుక్రవారం పొద్దున రాజేశం ఎవరిదో సూటు, ఇంకెవరిదో గడియారం వేసుకుని వచ్చాడు.

"ఎనుక దోహా బిల్డింగులు ఎయ్యి. చేతిల చిన్న బ్యాగ్."

"నువ్వు పరంజా మీద ఎట్లుంటవో అట్ల ఏస్త," అన్నాను. "ఆ జాకెట్ ఏసుకో, సేఫ్టీ బెల్ట్ కొండి చేతిల పట్టుకో. దర్జీ కత్తెర పట్టుకోలేదా?"

"దర్జీ ఇంటికి ఎవరొస్తరు? నా ఇంటికి మా అత్తగారోళ్ళొస్తరు!"

"సూటుల ఉన్నోన్ని సూస్తె, ఎవడో ఆఫీసరు తప్పిపోయి మన పీట మీద కూసున్నడంటరు," అన్నాడు ఖయ్యూమ్. "పంతులు పోలిక ఉండాలె అన్నడు గద? నిన్ను నీ పెండ్లం సూటుల ఎప్పుడన్న సూశిందా?"

రాజేశం ఆలోచించి సూటు విప్పాడు. కానీ ఓడిపోయినవాళ్ళకు ఏదో ఒకటి దక్కాలి.

"అయితె చెప్పులు కొత్తయి ఎయ్యి."

"నడుము దాకనే గదనే బొమ్మ."

"కనవడకున్న, నాకు ఎరుక ఉంటది గద అన్నా."

ఈ కోరికను నేను కొట్టిపారేయలేకపోయాను. మనం మన గురించి మోసే బొమ్మలో ఎక్కువ భాగం చట్రం కిందే ఉంటుంది. మర్నాడు ప్లైవుడ్ వెనక వైపు ఒక జత కొత్త చెప్పులు వేశాను. పట్టీలు మెరిసేలా వేశాను. రాజేశం చూసి తృప్తిపడ్డాడు. ముఖం కంటే చెప్పులే బాగా కుదిరాయన్నాడు.

కూర్చోబెట్టడమే పెద్ద పని అయింది. ఎదురుగా ఒక మనిషి బ్రష్ పట్టుకుని నిలబడగానే ఎవరైనా తమది కాని ముఖం ఒకటి తెచ్చి పెట్టుకుంటారు. రాజేశం పెట్టుకున్నది సర్పంచ్ ముఖం. అది అలిసిపోయి రాలిపోయేదాకా ఆగాలి. రాజేశం విషయంలో అది త్వరగానే రాలిపోయేది, కానీ దాని వెంటనే నిద్ర వచ్చేది. వారమంతా ఎండలో పైపుల మీద ఎక్కి దిగినవాడు కుర్చీ దొరికితే ఏం చేస్తాడు? నోరు కొంచెం తెరుచుకుని, కొండి పట్టుకుని, నిద్రపోయేవాడు. నిద్రపోతున్న మనిషిని నేను ఎంతసేపైనా చూడగలను. ఆ ముక్కునూ, చెవి దగ్గర ఎండకు కమిలిన మచ్చనూ, హెల్మెట్ పట్టీ గీసిన తెల్లటి గీతనూ తీరిగ్గా వేశాను. నోరు మాత్రం మూశాను.

"కండ్లు?" అనేవాడు లేచి.

"చివరికి పెట్టాలె. మా నాయన పద్ధతి."

తెల్లగుడ్లు వేసి కనుపాపలు ఆపాను. ఖయ్యూమ్ పటం తీసుకుని పోయే ముందు చివరి శుక్రవారం పెడతానన్నాను. పద్ధతి నిజమే. కానీ పద్ధతి లేకపోయినా నేను అలాగే చేసేవాడిననీ, దాని వెనక నా పిరికితనం చల్లగా కూర్చుందనీ నాకు తెలుసు.

ఆ శుక్రవారం రాకముందే కంపెనీ ఖయ్యూమ్ టికెట్‌ను ముందుకు జరిపింది. నేను అంచురాళ్ళ దగ్గరా, రాజేశం పరంజా మీదా ఉన్నప్పుడు బండి వచ్చి "యల్లా, యల్లా" అని తొందరపెడితే ఖయ్యూమ్ పటాన్ని ఇంటికి తీసుకుపోతున్న డబుల్ బ్లాంకెట్‌లో చుట్టేసుకుని ఎక్కేశాడు. బొమ్మను తిప్పి కూడా చూడలేదు. సాయంత్రం నేను రూమ్‌కి వచ్చేసరికి గోడ ఖాళీగా ఉంది. కనుపాపల కోసం కలిపి పెట్టిన నల్లరంగు డబ్బా మూత కింద గట్టిపడుతోంది.

రాజేశానికి చెప్పాను. అతను నా మీద అరవలేదు. "తెల్లగుడ్లతోని పోయిన్నా నేను ఇంటికి?" అని మాత్రం అడిగి, తన కళ్ళు తడుముకున్నాడు.

ముహూర్తం శుక్రవారమే. మేమిద్దరం పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన బట్టలేసుకుని, ఫోన్‌ను నీళ్ళ సీసాకు ఆనించి కూర్చున్నాం. అటు పక్క ఫోన్ పట్టుకున్నది ఖయ్యూమ్. పెళ్ళి వీడియో తీసేవాడిలాగా గులాబి రంగు ఇల్లంతా తిప్పి చూపించాడు. మామిడాకులు, జనం, పంతులు. రెండు పీటలు. ఒక పీట మీద సురేందర్ పట్టుపంచెతో అప్పటికే కూర్చుని ఉన్నాడు.

"అన్నా, నువ్వెందుకు కూసున్నవ్?" అన్నాడు రాజేశం ఫోన్‌లోకి.

"నువ్వొచ్చెదాక పీట ఊకె ఉంచుతరారా? వేడి చేస్తాన," అన్నాడు సురేందర్.

"ఖయ్యూమ్, పటం దియ్యి! జల్ది!"

ఖయ్యూమ్ ఫోన్‌ను ఎవరికో ఇచ్చి బ్లాంకెట్ విప్పడం మాకు పక్కకు వాలిపోయి కనిపించింది. రాజేశం తల్లి చిన్నవ్వ ముందుకొచ్చి నిలబడింది. బ్లాంకెట్ మడతల్లోంచి మొదట బయటపడింది పటం వెనక వైపు. నల్లటి చెక్క మీద మనిషి లేని కొత్త చెప్పుల జత.

చిన్నవ్వ గుండె మీద చేయి పెట్టుకుంది. "చెప్పులే అచ్చినయా? నా కొడుకేడి?"

"తిప్పాలె అవ్వా, ఇట్ల తిప్పాలె," అంటూ ఖయ్యూమ్ తిప్పాడు.

నల్లటి చీకట్లోంచి రాజేశం ముఖం బయటికొచ్చింది. పోలిక అచ్చంగా ఉంది. అదే ప్రమాదమైంది. ఎండ మచ్చ అదే, ముక్కు అదే, చేతిలో కొండి అదే. కళ్ళు రెండూ తెల్లగా తేలిపోయి ఉన్నాయి.

చిన్నవ్వ వేసిన కేక ఫోన్‌లో మొదట శబ్దంగా కాక గీరుడుగా వినిపించింది. తర్వాత మిగతా ఆడవాళ్ళు అందుకున్నారు. ఎవరో కూర్చుని రాగం కూడా ఎత్తారు: "దుబాయి పోతివా రాజేశా, కండ్లు ఏడ ఇడిస్తివి రాజేశా..."

"అవ్వా, నేను బతికే ఉన్ననే!" అని రాజేశం ఫోన్ ముందు లేచి నిలబడ్డాడు. వాళ్ళకు అతని నడుము కనబడి ఉంటుంది.

"ఫోన్ల ఎవడన్న మాట్లాడ్తడు," అంది చిన్నవ్వ ఏడుపు ఆపకుండానే. "మొన్న ఫోన్ల ఒకడు బ్యాంకోన్ని అన్నడు."

"మాఫీ ముష్కిల్ అవ్వా, మాఫీ ముష్కిల్!" అని ఖయ్యూమ్ కంగారులో, ఏం ఫరవాలేదనడానికి అరబ్బీలో ఓదార్చాడు. దాంతో ఇంకో ఇద్దరు ఏడుపు అందుకున్నారు.

రాజేశం మెల్లగా కూర్చున్నాడు. తన కోసం ఊరు ఏడవడాన్ని ఏ మనిషైనా కాసేపు వినకుండా ఉండలేడు. "గా ఏడ్సేది మా మేనత్త," అన్నాడు నాతో, తగ్గు గొంతుతో. "ఇరువై ఏండ్లయె మాతోని మాటల్లేవు. సూడు ఎట్ల ఏడుస్తాందో." అతని ముఖంలో సిగ్గుతో కలిసిన ఒక సంతోషం కనిపించింది. ఇంకోసారి పటం వేస్తే ఆ ముఖమే వేస్తాను.

"కండ్లు లేని పటం పీట మీద పనికిరాదు," అన్నాడు పంతులు. "ముహూర్తం దాటుతాంది."

"అయితె నేను కూసున్నట్టే ఉంట," అన్నాడు సురేందర్, పంచె సర్దుకుంటూ.

అప్పుడు ఒకామె ఫోన్ లాక్కుంది. తెర నిండా ఆమె ముఖం. రాజేశం భార్య విజయరాణి. ఏడవలేదు. వంటింట్లోంచి వచ్చినట్టు చెంగుతో చెయ్యి తుడుచుకుంటోంది.

"ఏమయ్యా, నువ్వు మంచిగనే ఉన్నవ్ గద?"

"ఉన్న."

"మరి కండ్లేడ పోయినయ్?"

రాజేశం ఫోన్‌ను నా వైపు తిప్పాడు. అంతమందిలో ఆమె కళ్ళు నన్నే చూస్తున్నాయి. నేను నీళ్ళ సీసా వైపు చూస్తూ చెప్పాను. "చెల్లె, చివరికి పెడ్దామని ఆపిన. తప్పు నాదే. కాటుక ఉంటె నువ్వే పెట్టు. తెల్లగుడ్ల మీద రెండు చుక్కలు, అంతే."

"ఎట్ల సూస్తున్నట్టు పెట్టాలె?"

అంచురాళ్ళ మీద గడిపిన కాలమంతా ఎవరూ నన్ను అడగని ప్రశ్న ఇది. నిద్రపోతున్న రాజేశం తప్ప నేను ఏ రాజేశాన్నీ చూడలేదు.

"నీకు తెలిసినట్టు పెట్టు," అన్నాను. "గని పటం ఎదురుంగ, పక్కన ఎవ్వరు ఉండొద్దు. మొదటి చూపు ఎవరి మీద పడితె వాళ్ళను ఇడ్వదు."

జనం వెంటనే గోడల దాకా వెనక్కు తగ్గారు. సురేందర్ మాత్రం కదల్లేదు. "బొమ్మ సూస్తె ఏమైతది? కొరుకుతదా?"

పటాన్ని పీటల పక్క గోడకు ఆనించారు. విజయరాణి ఆముదం కాటుక భరిణె తెచ్చి, అగ్గిపుల్లకు అద్ది, పటం ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఏడుపు రాగం మధ్యలో ఆగింది. ఆమె వీపు మాత్రమే మాకు కనబడుతోంది. ఒకసారి కొద్దిగా వెనక్కు వాలి, పీటల దిక్కు చూసి, ఏదో లెక్క వేసుకుని, మళ్ళీ వంగింది. తర్వాత పక్కకు తప్పుకుంది.

కనుపాపలు మధ్యలో లేవు. రెండూ ఎడమ మూలకు పోయి ఉన్నాయి. పటంలోని రాజేశం తల తిప్పకుండా, కళ్ళతో మాత్రం పీట మీది సురేందర్‌ను చూస్తున్నాడు.

చిన్నవ్వ ముక్కు చీది, "గిట్లనే సూస్తడు వాడు," అంది. "చిన్నప్పుడు పెద్దోనికి అప్పం ఎక్కువ పెడితె గిట్లనే సూశేటోడు. నా కొడుకు సచ్చుడేంది, మంచిగున్నడు."

సురేందర్ నవ్వాడు. నవ్వి, పీట మీద కొద్దిగా ఎడమకు జరిగాడు. తర్వాత కుడికి జరిగాడు. పటం వైపు చూడకుండా ఉండటానికి పైకప్పు చూశాడు, తనే వేయించిన గులాబి రంగు చూశాడు. చూడకుండా ఉండటం ఎంత కష్టమైన పనో నాకంటే బాగా ఎవరికి తెలుసు? అతని చెవులు ఎర్రబడ్డాయి.

"బావా," అంది విజయరాణి మర్యాదగా, "కాళ్ళు తిమ్మిరెక్కినయేమో."

"ఔ, ఔ. టెంటోడు ఒచ్చిండో లేదో సూశొస్త," అని సురేందర్ లేచాడు.

ఖయ్యూమ్ పటాన్ని ఎత్తి పీట మీద పెట్టబోతుంటే పంతులు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగాగు! ఎనుక చెప్పులున్నయ్ గద! పీట మీదికి చెప్పులతోనా?"

రాజేశం తల పట్టుకున్నాడు. "నేనే ఎయ్యమన్న అన్నా. నోరు మూసుకోకపోతి."

పంతులూ ఖయ్యూమూ పటాన్ని ఇటూ అటూ తిప్పి చూశారు. చిన్నవ్వ వాళ్ళిద్దరినీ పక్కకు నెట్టి గుమ్మం దిక్కు చెయ్యి చూపింది. "ఏం గుడ్డోళ్ళయ్యా మీరు. పీట మీద పెడితె పటం ఈపు ఏ దిక్కుంటది? గడప దిక్కు. చెప్పులు గడప కాడ ఇడిశే లోపటికి ఒచ్చిండు నా కొడుకు. ఇగ మంత్రం సదువు."

పంతులుకు ఇంతకంటే మంచి శాస్త్రం తోచలేదు. మంత్రం మొదలుపెట్టాడు.

పటాన్ని పీట మీద నిలబెట్టారు. విజయరాణి ఎడమ పక్క పీట మీద కూర్చుని చెంగు సర్దుకుంది. అప్పుడు చూశాను. సురేందర్‌ను లేపిన కళ్ళే అవి, ఒక్క వెంట్రుకవాసి మారలేదు. ఇప్పుడు అవి పక్కన కూర్చున్న భార్యను చూస్తున్నాయి. అందరి ముందు తల తిప్పి చూడటానికి సిగ్గుపడి, కళ్ళతో మాత్రమే చూసే మొగుడి చూపు.

తర్వాత ఎప్పుడో మంత్రాల మధ్య ఫోన్ మళ్ళీ ఆమె చేతికి వచ్చినప్పుడు, "బావగారిని మంచిగ లేపినవ్ చెల్లె," అన్నాను.

ఆమె ఆశ్చర్యపోయింది. "బావ కోసం పెట్టలేదన్నా. నేను ఏ దిక్కు కూసుంటనో సూసుకొని పెట్టిన."

నేను రాజేశం వైపు తిరిగాను. అతను ఫోన్ చూస్తున్నాడు, కొంచెం పక్కకు, తెర ఎడమ మూలకు. తల తిప్పలేదు. ఆమె వేసిన కళ్ళే అవి. చాలాసేపు చూశాను. అతను నన్ను చూడటం లేదు కాబట్టి నాకు ఇబ్బందేమీ కాలేదు.

మరుసటి శుక్రవారం ఇంకో రూమ్ నుంచి ఒకతను ప్లైవుడ్ ముక్క చంకలో పెట్టుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చుని, జుట్టు తడిపి దువ్వుకుని, మునిసిపల్ చైర్మన్ ముఖం పెట్టాడు.

"ముందుగాల కండ్లు పెట్టన్నా," అన్నాడు. "టికెట్ ఎప్పుడు మారుతదో ఏమో."

రాజేశం పై మంచం మీంచి కిందికి వంగి, నేనేం చేస్తానా అని చూస్తున్నాడు. తప్పించుకునే పద్ధతి ఏదీ మిగల్లేదు. బ్రష్ నలుపులో ముంచి, కుర్చీలో ఉన్నతని కళ్ళలోకి చూశాను. అతను నా గురించి ఏదో అనుకుంటూనే ఉన్నాడు.

"ఏందన్నా," అన్నాడు, "ఇన్నొద్దులు కనవడలె, నీ మెల్లకన్ను ఎప్పటికెల్లి?"